వీపు మూసే చెయ్యి

1. సోమవారం

చెయ్యి ఎలా ఉందో రోజూ రాసుకోమని డాక్టరు చెప్పింది. రాస్తాను. ఆమెకు మాత్రం చూపించను. ఎంత పైకి లేచింది, ఎక్కడ పట్టేసింది, లాగినట్టుందా పొడిచినట్టుందా అన్నవి రాయాలట. వాటితోపాటు ఆమె ఏం చేస్తోందో కూడా రాస్తాను. అది ఆమె అడగలేదు, నా అంతట నేనే రాస్తున్నాను.

నా పేరు ఓబుళమ్మ. గవి ఊళ్ళో అద్దాలు తుడిచే పని నాది. గుట్టమీద అద్దాలు ఎండను పట్టి కరెంటు ఇస్తాయి. ఆ కరెంటుతోనే కింద మేం బతికే గవుల్లో, ఆ గుహల్లో, గాలి ఆడుతుంది, అన్నం ఉడుకుతుంది. బయట ఎండకు మనిషి ఒట్టి ఒంటితో నిలబడలేడు కాబట్టి మేం ఒంటిని చల్లగా ఉంచే చల్లకోటు తొడుక్కుని వెళ్ళి దుమ్ము తుడుస్తాం. పోయిన వేసవిలో ఒక అద్దం కీలు జారి, అది పట్టిన ఎండంతా నా కుడి భుజం మీద పడింది. చంక దగ్గర్నుంచి వెనక రెక్క ఎముక దాకా కాలింది.

పుండు మానింది. మానిన తరవాతే అసలు తంటా మొదలైంది. మచ్చ ఎండిన తోలులా బిగిసి, కింద కండను పట్టుకుని కూర్చుంది. చెయ్యి భుజం ఎత్తు దాటదు. జడ వేసుకోవాలంటే నా మొగుడు సుంకన్న వెయ్యాలి. వాడు వేసిన జడ చూసి వీధంతా నవ్వుతుంది.

గేటు పైన ఒక ఇనుప కడియం ఉంది. బయటి నిచ్చెన మొదటి మెట్టు కూడా అంతే ఎత్తులో ఉంటుంది. అందుకని రెండు చేతులతో ఆ కడియాన్ని పట్టుకుని వేలాడగలిగినవాళ్ళనే గేటు మద్దిలేటి బయటికి వదులుతాడు. కార్తీకం మొదట్లో గేటు పరీక్ష. అప్పటికి కడియం అందకపోతే నా పేరు పుట్టగొడుగుల గవికి రాస్తారు. అక్కడికి వెళ్ళినవాళ్ళు తిరిగి పైకి రావడం నేనింతవరకు చూడలేదు. చీకటి, తేమ, వంచిన నడుము. నాకు ఆకాశం కావాలి. ఎందుకని అడగొద్దు, కావాలంతే.

2. గురువారం

డాక్టరు పేరు సువర్చల. సముద్రం పక్క ఊళ్ళ మనిషి, మాటకు ముందు అండీ, మాటకు వెనక అండీ. తలుపు మీద 'కైరోప్రాక్టర్' అని బోర్డు. అంటే ఏంటని అడిగితే, వెన్నుపూసలూ కీళ్ళూ చేత్తో సర్దేవాళ్ళట. అద్దాల ఆఫీసు వాళ్ళే పిలిపించారు. గాయపడ్డవాళ్ళ మీద ఆఫీసుకు ఇంత ప్రేమ ఎప్పట్నుంచి పుట్టిందో తెలియదు.

ఇంకొకటి కూడా రాసిపెడుతున్నాను. ఆమె వచ్చిన బండిలోనే తుడుపు యంత్రాల డబ్బాలు కూడా వచ్చాయి. మనుషులకు బదులు అద్దాల మీద పాకే యంత్రాలవి. యంత్రాలూ, మనం పనికిరామని చెప్పే డాక్టరూ ఒకే బండిలో దిగితే ఏమనుకోవాలి?

నొప్పి నా భుజానికైతే, ఆమె ముందు మెడ కింద వెన్నుపూసను పట్టుకుంది.

"అక్కడేం కాలేదు," అన్నాను.

"కాలలేదండీ. కానీ ఇన్ని నెలలు మీరు మచ్చను కాపాడుకుంటూ ఒక పక్కకి ఒంగి తిరిగారు. వెన్ను అలాగే గడ్డకట్టుకుపోయింది. అది కదలందే రెక్క ఎముక కదలదు, రెక్క కదలందే చెయ్యి లేవదు."

టప్పుమంది. నా ప్రాణం పోయిందనుకున్నాను. తరవాత మచ్చ మీద బొటనవేళ్ళు పెట్టి, కింద కండ మీద చర్మం జరిగేలా మెల్లగా, మొండిగా తోసింది. మచ్చ మీద నాకు స్పర్శ లేదు, మొద్దుబారిపోయింది. దాని అంచుల్లో మాత్రం నిప్పులు పోసినట్టుంది. లేచేసరికి చెయ్యి చెవి దాకా వచ్చింది! నేను నవ్వేశాను, ఆమె కూడా నవ్వింది. ఆమె ఎందుకు నవ్విందో తరవాత ఆలోచించాలి.

చివర్లో ఒక వింత పని చెయ్యమంది. కుడి చెయ్యి పైకెత్తి, తల వెనక నుంచి వీపు మీదికి దించి, రెండు రెక్కల మధ్య తాకమంది. అది అందిన రోజున భుజం పూర్తిగా బాగైనట్టట.

"ఆ చోటు మన చేతికి కాదు," అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. బయటివాళ్ళకు అర్థం కాదు. చల్లకోటు వెనక నుంచి మూసుకుంటుంది. మెడ కింద మూత సరిగా పడకపోతే వేడిగాలి దూరి మనిషి కోటులోనే ఉడికిపోతాడు. ఎవరి వీపు వాళ్ళు మూసుకోలేరు కాబట్టి ఇంట్లోవాళ్ళు మూస్తారు. మా ఊళ్ళో పెళ్ళంటే కూడా అదే, గేటు ముందు నిలబడి ఒకరి వీపు ఒకరు మూయడం. మూసిన తరవాత తడిమి చూసుకోవడం ఉండదు. చూసుకుంటే ఆ ఇంటి చేతిని నమ్మలేదని అందరి ముందూ చెప్పినట్టే.

3. శనివారం

చెయ్యి మళ్ళీ భుజం దగ్గరే ఆగింది. చెవి దాకా లేచిన చెయ్యి ఎక్కడికి పోయింది?

"ఏం మే, దిగిపాయనా?" అన్నాడు సుంకన్న.

"దిగింది."

"సూడు మరి. ఆ యమ్మ చేసేదంతా ఆ పూటకే. మళ్ళ పిలిపించుకోవల్ల గదా."

నాకూ అదే అనిపించింది. అనుమానం నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న గుణమే, కానీ సుంకన్న ఎవర్నీ అనుమానించే మనిషి కాదు. వాడికే అనిపించిందంటే ఏదో ఉంది.

సుంకన్న దర్జీ. గవి ఊళ్ళో సగం చల్లకోట్ల కుట్లు వాడివే. కాలిన మచ్చ ఉబ్బకుండా నాకు ఒంటికి పట్టి ఉండే చొక్కా కావాలని డాక్టరు వచ్చిన కొత్తలోనే చెప్పింది. స్నానానికీ, తన దగ్గరికి వచ్చినప్పుడూ తప్ప తియ్యొద్దంది. చెయ్యి పైకెత్తి కొలత తియ్యాలనీ, చంక దగ్గర గుడ్డ ఎక్కువ వదలాలనీ చెప్పింది. సుంకన్న అలాగే నా చెయ్యి వాడి భుజం మీద పెట్టుకుని కొలత తీశాడు. రోజూ నేను స్నానం చేసి వచ్చేసరికి చొక్కా సరిచేసి పట్టుకుని నిలబడతాడు. "దారం వదులైంది, బిగించినా," అంటాడు. ఇంత శ్రద్ధ ఎవరికుంటుంది?

4. గురువారం

రెండు వారాలు ఏమీ రాయలేదు. రాయడానికేముంది? ఆమె లేపుతుంది, ఇంటికొస్తే దిగుతుంది. గురువారం ఆకాశం, శనివారం పుట్టగొడుగులు.

ఇవాళ ఆఫీసు వరండాలో డబ్బాలు విప్పారు. యంత్రం బల్లంత ఉంది, కాళ్ళు మాత్రం బొద్దింకవి. మద్దిలేటి దాని పక్కన నిలబడి, "ఓబుళక్కా, దీనికి జడ ఎవురేస్తారు?" అన్నాడు. అందరూ నవ్వారు. నా ఒళ్ళు మండింది.

ఆ మంటతోనే డాక్టరు గదిలోకి పోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని మచ్చంతా వేళ్ళతో నొక్కి చూసింది.

"ఇది మచ్చ చేసే పని కాదండీ," అంది చివరికి. "మచ్చ ఇంత తొందరగా బిగియదు. పోయినసారి నేను విడదీసిన చోట మళ్ళీ అంటుకోలేదు, చూడండి, చర్మం జరుగుతూనే ఉంది. కానీ కండలు మాత్రం ఎవరో పట్టుకుని కిందికి లాగినట్టు అలిసిపోయున్నాయి. ఇంట్లో ఏం చేస్తున్నారు? బరువులేమైనా మోస్తున్నారా? ఏ పక్కకి పడుకుంటారు?"

"మా ఇంటి సంగతులు మీకెందుకు?"

"సరేనండీ. పోనీ ఆ చొక్కా ఒకసారి చూపిస్తారా?"

నేను లేచి నిలబడ్డాను. ఇంటివాళ్ళు కుట్టిన లోచొక్కాను పరాయివాళ్ళకు చూపించడమేంటి! గదిలోకి వచ్చే ముందే విప్పి సుంకన్న చేతికిస్తాను. వాడు మడిచి, ఒళ్ళో పెట్టుకుని, బయట బెంచీ మీద కూర్చుంటాడు. అందరి మొగుళ్ళూ పెళ్ళాలూ అలాగే కూర్చుంటారు. ఆ కుట్టు చూసుకుని యంత్రాలకు తొడుగులు కుట్టించుకుంటారేమో, ఎవరికి తెలుసు?

"చూపించం," అన్నాను.

ఆమె పొడిగించలేదు. కిటికీ వైపు తిరిగి చేతులు కడుక్కుంది. తప్పు బయటపడినవాళ్ళే అలా ముఖం తిప్పుకుంటారని నేననుకున్నాను.

5. ఆదివారం

సుంకన్నకు జ్వరం. వణుకుతూ పడుకున్నాడు. వాడికి కషాయం కాచి ఇవ్వడం, తడిగుడ్డ వెయ్యడం, తిట్టడం, మూడూ నేనే చేస్తున్నాను. శుక్రవారం ఆ కషాయమే చొక్కా మీద ఒలికితే ఉతికి ఆరేశాను. గవిలో తడి ఒక పట్టాన ఆరదు. అది తాడు మీదే ఉంది, నేను మామూలు రవికెతోనే తిరుగుతున్నాను.

ఇవాళ గూట్లోంచి మిరియాల డబ్బా తీశాను. తీసి, పొడి చేసి, నీళ్ళు పెట్టిన తరవాత గుర్తొచ్చింది. ఆ గూడు నా తలకంటే ఎత్తులో ఉంది. నేను డబ్బా తీసింది కుడి చేత్తో.

మళ్ళీ ఎత్తి చూశాను. లేచింది. చెవి దాటింది. డాక్టరు ముట్టుకుని ఇన్ని రోజులైంది, శనివారం కూడా వచ్చి పోయింది, చెయ్యి దిగలేదు.

సంతోషంతో అరవబోయాను. అరవకుండా వెనక్కి తిరిగాను. ఈ వారం మారింది ఒక్కటే, అది తాడు మీద వేలాడుతోంది.

6. సోమవారం

మా ఊళ్ళో ఎవరూ చెయ్యని పని చేశాను. సుంకన్న నిద్రపోతుంటే చొక్కాను తిరగేసి, దీపం కిందికి తీసుకెళ్ళి చూశాను.

చంక దగ్గర వదిలిన గుడ్డ ఉంది. డాక్టరు చెప్పినట్టే వదిలాడు. ఆ తరవాత దాన్ని లోపలికి మడిచి, చొక్కా పక్క కుట్టుకు కలిపి, కోటుకు వాడే మైనపు దారంతో కుట్టేశాడు. చెయ్యి పైకి పోకుండా రెండు వరసల కుట్టు. అది వాడి కుట్టేనని కళ్ళు మూసుకుని కూడా చెప్పగలను. దానికి పైన పాత సూది రంధ్రాలున్నాయి. వాటికి పైన ఇంకా పాతవి. చెయ్యి కాస్త లేచినప్పుడల్లా విప్పి, కాస్త కిందికి కుట్టాడు. మచ్చకు స్పర్శ లేదు కాబట్టి దారం ఒరుసుకున్నా నాకు తెలియలేదు. చొక్కా అన్ని వైపులా బిగుతే కాబట్టి ఎక్కడ పట్టేస్తోందో కూడా తెలియలేదు.

నేను ఊరందర్నీ అనుమానించాను. డాక్టర్ని, ఆఫీసుని, బొద్దింక కాళ్ళ యంత్రాల్ని. నా పక్కన పడుకున్నవాణ్ణి మాత్రం అనుమానించలేదు.

లేపాను. చొక్కా వాడి ముందు పడేశాను. తిరగేసి ఉండటం చూసి, తెలిసిపోయిందనుకున్నాడు. బుకాయించలేదు.

"తిరగేసినావా మే," అన్నాడు.

"తిరగేసినా. ఏందిది?"

"నిన్ను గేటు కాడి నుంచి మోసుకొచ్చింది నేను. కోటు కరిగి నీ తోలుకు అంటుకోనింది. కత్తెరతో కోసి తీసింది నేను. నువ్వు సోయలో లేవు, నీకేం తెలుసు? ఆ వాసన నా చేతుల్లో ఇంగా ఉండాది. మళ్ళ నువ్వు పైకి పోతావు. నేను వీపు మూసి పంపించల్ల. మళ్ళ నేనే విప్పల్ల. నాతో కాదు మే."

"కాకపోతే నోటితో చెప్పల్ల. సూదితో చెప్తారా?"

"చెప్తే ఆగేదానివా?"

ఆగేదాన్ని కాదు. అది వాడికీ తెలుసు, నాకూ తెలుసు. వాడు ఏడ్చాడు. నాకు జాలి వేసింది, ఆ జాలి మీద ఇంకా కోపం వచ్చింది. చెయ్యి లేవక నేను ఏడ్చినప్పుడు పక్కనే కూర్చుని కళ్ళు తుడిచాడు కదా. డాక్టర్ని నమ్మొద్దన్నాడు కదా. ఆ రెండూ నేను మింగలేను.

"పుట్టగొడుగుల గవిలో పెట్టి దాచుకుందామనుకున్నావా నన్ను?"

"బతికుంటావని," అన్నాడు.

7. మంగళవారం

చొక్కా చేత పట్టుకుని డాక్టరు దగ్గరికి నేనే పోయాను. బల్ల మీద పరిచి చూపించాను. పరాయి మనిషి ముందు నా ఇంటి కుట్టు విప్పి పెట్టినప్పుడు సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె రంధ్రాల వరసల మీద వేలు పెట్టి పైకీ కిందికీ పోనిచ్చింది. ఎవరు కుట్టారని అడగలేదు. బెంచీ ఖాళీగా ఉండటం చూసింది కాబోలు.

"ఇన్నాళ్ళూ నేను మీ మచ్చని తిట్టుకుంటున్నానండీ," అంది.

"నేను మిమ్మల్ని."

"తెలుసు. మీ భుజం చెబుతూనే ఉంది. నేను ముట్టుకోగానే గోడలా బిగుసుకునేది."

యంత్రాల సంగతి కూడా అడిగేశాను. ఆమె ఒకటే నవ్వు. "నాకేం తెలుసండీ! బండిలో సీటు లేదంటే రెండు రోజులు ఆ డబ్బాల మీదే కూర్చుని వచ్చాను. ఊరందరి నడుములూ సర్దుతున్నాను, నా నడుం సర్దేవాళ్ళు లేరు."

ఆ మాట నమ్మాను. యంత్రాల్ని మాత్రం నమ్మలేదు.

పరీక్ష దగ్గరపడింది కాబట్టి రోజూ రమ్మంది. వెన్ను, రెక్క, మచ్చ. టప్పుమంటే ఇప్పుడు భయం లేదు. ఇంటికొచ్చి ఆ మైనపు దారాన్ని నేనే బ్లేడుతో కోశాను. సుంకన్న చూస్తూ కూర్చున్నాడు, కత్తిరించిన ముక్కలు ఏరి డబ్బాలో వేశాడు. అన్నం ఇద్దరం ఒకే పళ్ళెంలో తినేవాళ్ళం. ఇప్పుడు రెండు పళ్ళేలు.

8. గేటు పరీక్ష

కడియం అందింది.

ఇనుము చల్లగా ఉంది. రెండు చేతులతో పట్టుకుని కాళ్ళు లేపాను. మచ్చ అంచు చుర్రుమంది, అయినా చెయ్యి పట్టు వదల్లేదు. మద్దిలేటి "దిగక్కా, కడియం ఊడొస్తాది," అనేదాకా దిగలేదు.

కోటు తొడుక్కున్నాను. చేతి తొడుగులు ఆఖర్న వేసుకుంటాం కాబట్టి చేతులింకా ఖాళీగానే ఉన్నాయి.

"వీపు ఎవురు మూస్తారు?" అని మద్దిలేటి అరిచాడు. అందర్నీ అడిగే మాటే. వరసలో ఉన్నవాళ్ళంతా నా వైపు చూశారు. మా ఇంట్లో రెండు పళ్ళేల సంగతి ఊరికి తెలియకుండా ఉంటుందా?

సుంకన్న గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. పిలవకుండానే వచ్చాడు. స్నానం చేసి, తల దువ్వుకుని, పెళ్ళినాడు వచ్చినట్టు వచ్చాడు. నేను డాక్టర్ని పిలవొచ్చు, ఆమె కూడా అక్కడే ఉంది. మద్దిలేటినైనా పిలవొచ్చు. కానీ నాకు వాడే కావాలి. ఇంత జరిగాక కూడా వాడే కావాలనిపించినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

వెనక్కి తిరిగి వాడికి వీపు ఇచ్చాను.

వాడి వేళ్ళు నడుము దగ్గర మొదలయ్యాయి. మెల్లగా పైకి వచ్చాయి. రెక్కల మధ్య ఒకసారి ఆగాయి. మెడ కింద మూత పడిన చప్పుడు వినిపించింది. వాడి అరచెయ్యి దాని మీద ఒత్తి, వెనక్కి పోయింది.

ఇక్కడ నేను గేటు వైపు నడవాలి. అందరూ అలాగే నడుస్తారు.

నేను కుడి చెయ్యి పైకెత్తాను. చెవి దాటించి, తల వెనక నుంచి వీపు మీదికి దించాను. మచ్చ సాగింది, రెక్క ఎముక జరిగింది, వేళ్ళు మూతను తాకాయి. ఒక చివర నుంచి ఇంకో చివర దాకా తడిమి చూశాను. మద్దిలేటి తల పక్కకు తిప్పుకున్నాడు.

మూత సరిగ్గానే ఉంది. వెంట్రుకంత సందు కూడా లేదు.

అప్పుడు సుంకన్న వైపు చూశాను. వాడు నా ముఖం చూడటం లేదు, నా చేతిని చూస్తున్నాడు. వాడి మెడ వంగిపోయింది. నాకు ఏడుపొచ్చింది. అయినా చెయ్యి వెంటనే తియ్యలేదు.

సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి వాడు గేటు దగ్గరే ఉన్నాడు. నా వీపు వాడే విప్పాడు. ఆకాశం ఎలా ఉందని ఎప్పుడూ అడిగేవాడు, ఇవాళ అడగలేదు. అడగకపోయినా చెప్పాను, చాలా బాగుందని.

రేపు కూడా వాడే మూస్తాడు. రేపు కూడా నేను తడిమి చూస్తాను.

చెయ్యి పూర్తిగా బాగైంది. ఇక రాసుకోవాల్సింది లేదు.